మంచివాళ్ళను టీమ్‌లోకి తెచ్చుకోవడం – 4వ పాఠం: ఆఫర్ చేతికిచ్చాక

గత పాఠంలో చివరి రౌండ్ ఇంటర్వ్యూ దాకా వచ్చాం. మనిషి నచ్చింది, ఇక ఆఫర్ ఇవ్వాలి. కొత్తగా టీమ్ లీడ్ అయినవాళ్ళు ఇక్కడితో తమ పని అయిపోయిందని, మిగతాది హెచ్‌ఆర్ చూసుకుంటుందని అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని ఒక మంచి బ్యాకెండ్ ఇంజనీరును పోగొట్టుకున్నాను. ఆవిడ ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టి పంపింది. తర్వాత మూడు నెలలు మాలో ఒక్కరమూ ఫోన్ చేయలేదు. చేరాల్సిన సోమవారం పదకొండైనా రాలేదు. ఫోన్ చేస్తే, "సారీ సర్, వేరేచోట జాయిన్ అయిపోయాను" అంది. ఆవిడ కోసం తెప్పించిన లాప్‌టాప్ అట్టపెట్టెలోనే ఉంది.

మన ఐటీ కంపెనీల్లో చాలాచోట్ల నోటీస్ పీరియడ్, అంటే రాజీనామా ఇచ్చాక కూడా పాతచోట పనిచేయాల్సిన గడువు, 90 రోజులు. ఈలోగా అభ్యర్థులు మీ ఆఫర్ చూపించి ఇంకో ఆఫర్, అది చూపించి మరొకటి తెచ్చుకోవచ్చు. వాళ్ళను తిట్టుకుని లాభం లేదు, ఆ 90 రోజుల రూలు పెట్టింది మన కంపెనీలే. కాబట్టి ఒప్పించే పని రెండుసార్లు చేయాలి: సంతకానికి ముందొకసారి, తర్వాత ఇంకోసారి.

ముందు జీతం సంగతి. 24 లక్షల ప్యాకేజీ అనగానే వినేవాళ్ళు మనసులో పన్నెండుతో భాగించేస్తారు: నెలకు రెండు లక్షలు. ఇప్పుడు కాగితం మీద వేసి చూద్దాం. బేసిక్ (మూల వేతనం) సగం, అంటే నెలకు లక్ష అనుకోండి. వేరియబుల్, అంటే పనితీరును బట్టి ఇచ్చే భాగం, పది శాతం, 2,40,000. కంపెనీ వాటా పీఎఫ్ బేసిక్ మీద 12 శాతం లెక్కన ఏడాదికి 1,44,000. గ్రాట్యుటీ (ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే మొత్తం) కింద చూపించేది దాదాపు 57,700. పర్మనెంట్ ఉద్యోగికి అది మామూలుగా ఐదేళ్ళు నిండితేగానీ చేతికి రాదు. ఈ చివరి మూడూ తీసేస్తే నెలకు సుమారు 1,63,000. అందులోంచి ఉద్యోగి వాటా పీఎఫ్ 12,000, తెలంగాణ ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతే 1,51,000 మిగులుతుంది. ఆదాయపు పన్ను ఇంకా కోయలేదు!

ఈ లెక్క మీరే ముందుగా చెప్పండి. మొదటి జీతం పడిన రోజు తెలిస్తే మోసపోయామనుకుంటారు. ముందే చెబితే, పక్క కంపెనీ 26 లక్షలన్నప్పుడు "మరి చేతికెంత వస్తుంది?" అని వాళ్ళనూ అడుగుతారు. ఆ ప్రశ్న అడగడం మీ దగ్గరే నేర్చుకున్నారు మరి. జాయినింగ్ బోనస్ ఇస్తుంటే, ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు కూడా అదే ఫోన్‌లో చెప్పేయండి.

డబ్బు తేలాక ఒక్క మాట అడగండి: "ఇంట్లోవాళ్ళు ఏమంటున్నారండీ?" అసలు అడ్డంకి తరచుగా ఇక్కడే బయటపడుతుంది. ఒకాయనది ఉప్పల్. ఆఫీసు నానక్‌రాంగూడలో. జీతం నచ్చింది, పని నచ్చింది, అయినా వారం రోజులు నానుస్తూనే ఉన్నాడు. అడగ్గా అడగ్గా చెప్పాడు: పాపను సాయంత్రం ఆరుకల్లా డేకేర్ నుంచి తీసుకురావాలి. రాయదుర్గం నుంచి ఉప్పల్‌కు మెట్రో నేరుగా ఉంది, ఇబ్బందల్లా ఆఫీసు నుంచి రాయదుర్గం చేరడమే. పొద్దున్నే వచ్చి నాలుగింటికల్లా బయల్దేరేలా, వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేసేలా మెయిల్‌లో రాసిచ్చాం. మర్నాడే ఒప్పుకున్నాడు. ఇంకో లక్ష పెంచినా ఆ చిక్కు తీరేది కాదు. చేరే తేదీ కూడా ఇలాంటిదే. అమావాస్య రోజు జాయిన్ అవ్వమంటే ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోకపోవచ్చు. రెండు రోజులు జరిపితే మనకు పోయేదేముంది?

"రేపటికల్లా చెప్పకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తాం" అని మాత్రం బెదిరించకండి. టెన్షన్‌లో పెట్టిన సంతకం నోటీస్ పూర్తయ్యేదాకా నిలవడం కష్టం.

సంతకం అయ్యాక పది పదిహేను రోజులకోసారి ఫోన్ చేయాల్సింది హెచ్‌ఆర్ కాదు, మీరు. రాజీనామా ఇచ్చే రోజుకు ముందే ఈ మాట కదపండి: "మీ మేనేజర్ జీతం పెంచుతానంటారు, చూడండి. అలా అంటే ఏం చేద్దామనుకుంటున్నారు?" అప్పుడు వాళ్ళ కంపెనీని ఒక్క మాట కూడా అనకండి. అక్కడ వాళ్ళ స్నేహితులుంటారు. ఎందుకు మారాలనుకున్నారో మొదటి ఇంటర్వ్యూలో వాళ్ళే చెప్పి ఉంటారు కదా, రెండో పాఠంలో నోట్‌బుక్‌లో రాసుకోమన్నది అందుకే. ఆ మాట గుర్తుచేసి ఊరుకోండి.

ఈ వారం అభ్యాసం: మీ కంపెనీ ఆఫర్ లెటర్ ఒకటి తీసుకుని పైన చూపినట్టు చేతికొచ్చే మొత్తం తేల్చండి. తర్వాత స్నేహితుణ్ణి అభ్యర్థిగా కూర్చోబెట్టి, కాగితం చూడకుండా ఐదు నిమిషాల్లో వివరించండి. ఎక్కడ నసిగారో వాళ్ళనే అడిగి రాసుకోండి. వేరియబుల్ దగ్గర నసిగితే, పోయిన ఏడాది మీ టీమ్‌కి అందులో ఎంత శాతం చెల్లించారో హెచ్‌ఆర్‌ను అడిగి తెచ్చుకోండి. వచ్చే పాఠం ఆ అంకెతోనే మొదలుపెడదాం.