ఎపాక్సీ గట్టిపడలేదా? ముందు కొలత చూడండి

రెసిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడేది ఎపాక్సీ. అది మర్నాటికి కూడా వేలికి అంటుకుంటుంటే చాలామంది సరుకునే తిట్టుకుంటారు. నిజానికి ఎక్కువసార్లు తేడా వచ్చేది కొలిచి పోసే దగ్గరే.

పైనంతా బంకబంకగా ఉంది

ముందు గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డతో తుడవండి. జిడ్డు పోయి కింద గట్టిగా తగిలితే కొలత బాగానే ఉన్నట్టు. చలికీ తేమకీ హార్డెనర్ వల్ల పైన మైనంలా పొర కట్టిందంతే. కడిగి, ఆరాక సాండ్‌పేపర్ పట్టి, తర్వాతి కోటు వేసుకోండి.

తుడిచినా గోరు దిగుతుంటే, చలి రోజులైతే వెచ్చగా ఉంచి ఇంకో రోజు చూడండి. అప్పటికీ అంతే ఉంటే పాళ్లు తప్పాయి. దీనికి మామూలుగా రెండు కారణాలు.

ఒకటి పంపు. కొన్ని 5:1 (ఐదు పాళ్ల రెసిన్‌కి ఒక పాలు హార్డెనర్) సెట్లతో వచ్చే పంపులు ఆ నిష్పత్తికి తగ్గట్టే తయారవుతాయి. రెసిన్ పంపు ఒక నొక్కు, హార్డెనర్ పంపు ఒక నొక్కు, అంతే. డబ్బా మీద 5:1 చూసి రెసిన్ ఐదు నొక్కులు కొడితే హార్డెనర్ ఐదో వంతే పడుతుంది.

రెండోది కాటా. కప్పుతో కొలిచే 2:1 తూకంలో 2:1 కాదు. రెసిన్ బరువెక్కువ, హార్డెనర్ తేలిక. అందుకే 100 గ్రాముల రెసిన్‌కి 50 కాకుండా 43 గ్రాముల దరిదాపుల్లో పడుతుంది. కచ్చితమైన అంకె కోసం కంపెనీ కాగితంలో తూకం పాళ్లు చూడండి.

పాళ్లు తప్పిన ఎపాక్సీ ఎన్నాళ్లున్నా పూర్తిగా గట్టిపడదు. పైన హార్డెనర్ పూస్తే ఇంకా పాడవుతుంది. మెత్తగా ఉన్నదంతా గీకేసి, గ్లోవ్స్ వేసుకుని, గాలి ఆడేచోట, మంటకు దూరంగా అసిటోన్‌తో తుడిచి, మళ్లీ పూయడమే దారి. హార్డెనర్ ఎక్కువ పోస్తే త్వరగా సెట్ అవుతుందనేది పాలియెస్టర్ రెసిన్ నుంచి వచ్చిన అలవాటు. ఎపాక్సీలో అది పనిచేయదు.

అక్కడక్కడా మాత్రమే మెత్తగా ఉంది

కలపడం చాల్లేదు. కప్పు అంచులూ అడుగూ గీకుతూ కలిపి, ఇంకో శుభ్రమైన కప్పులోకి వంచి మళ్లీ కలపండి. అడుగున మిగిలినదాన్ని పని మీద గీకి వేయొద్దు.

పంపు చిమ్ముతోంది, లేదా బుడగలు వస్తున్నాయి

లోపల గాలి ఉంది. ధార తెగకుండా వచ్చేదాకా వేరే కప్పులోకి నొక్కి, అది పక్కన పెట్టేయండి. చల్లటి రెసిన్ చిక్కబడి పంపు నెమ్మదిగా పైకి లేస్తుంది, పూర్తిగా లేచేదాకా ఆగి నొక్కండి. అనుమానం ఉంటే రెండు పంపులూ పదేసి నొక్కులు విడివిడి కప్పుల్లోకి కొట్టి తూచండి. రెసిన్ తెల్లగా పలుకులు కట్టి ఉంటే, సుమారు 50 డిగ్రీల నీళ్లలో డబ్బా ఉంచి, తేటపడి చల్లారాకే కొలవండి.

కొంచెం కలిపినప్పుడే తేడా వస్తోంది

30 గ్రాముల రెసిన్‌కి 6 గ్రాముల హార్డెనర్ కావాలనుకోండి. గ్రాము చొప్పున చూపే కాటా మీద 6 అంటే 5.5 కావచ్చు, 6.5 కావచ్చు. 0.1 గ్రాము చూపే కాటా కొనుక్కోండి. పంపుల కంటే నేను దాన్నే నమ్ముతాను. కొన్ని కాటాలు చుక్కచుక్కగా పోస్తే పెరిగిన బరువు చూపించవు, సన్నటి ధారగా పోయండి.

కప్పు వేడెక్కి పొగ వస్తోంది

ఎక్కువ మోతాదు ఒకేచోట ఉండటం వల్ల ఇలా అవుతుంది. అది ఇక పనికిరాదు, జాగ్రత్తగా బయట పెట్టండి, ఆ పొగ పీల్చొద్దు. ఈసారి తక్కువ కలిపి, వెంటనే వెడల్పాటి ట్రేలో పరిచి వాడండి.