ఇంట్లో మక్కొల్లి – 3వ పాఠం: అన్నం కాదు, గోదుబాప్

ఈ వారం మక్కొల్లిని, అంటే బియ్యం పులియబెట్టి చేసే కొరియన్ మద్యాన్ని, వడకట్టడం చెప్పాలి. కానీ పోయిన పాఠం తర్వాత చాలామంది జాడీలు పాడయ్యాయి. కొందరికి అడుగున ముద్ద, పైన నీళ్లు. ఒకరికి మూడో రోజుకే నోట్లో పెట్టలేనంత పులుపు. అందుకే వెనక్కి వెళ్దాం.

పొరపాటు నా మాటలో ఉంది. "అన్నం చల్లారాక నురుక్ కలపండి" అని రాశాను. నురుక్ అంటే మద్యం పులియడానికి వేసే, బూజూ ఈస్టూ పట్టిన ధాన్యపు ముద్ద. అన్నం అనగానే మనం కుక్కర్‌లో నీళ్లు పోసి మూత పెట్టేస్తాం. కొరియన్లకు రెండు మాటలున్నాయి. తినేది బాప్. మద్యానికి వేసేది గోదుబాప్, అంటే నానబెట్టి, నీళ్లు పూర్తిగా ఓడ్చి, ఆవిరి మీద మాత్రమే ఉడికించినది. పలుకు పలుకుగా ఉంటుంది, నమిలితే సాగుతుంది.

కిలో బియ్యం గోదుబాప్ అయితే సుమారు 1.4 కిలోలు తూగుతుంది. కుక్కర్‌లో వండితే రెండు కిలోలు దాటుతుంది. ఆ అదనపు నీళ్లు మన లెక్కలో లేవు. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది. జాడీలో రెండు పనులు ఒకేసారి నడవాలి: నురుక్‌లోని బూజు ఎంజైములు పిండిని చక్కెర చేస్తుంటే, ఈస్ట్ ఆ చక్కెరను ఆల్కహాల్ చేస్తుంటుంది. గింజ గట్టిగా ఉంటే చక్కెర కొద్దికొద్దిగా వస్తుంది, ఈలోపు ఈస్ట్ బలపడుతుంది. మెత్తని ముద్దలో చక్కెర ఒక్కసారిగా పుడుతుంది. ఈస్ట్ పుంజుకునేలోపే పులిపించే బ్యాక్టీరియా దాన్ని అందుకుంటుంది.

"నీళ్లు తగ్గించి కుక్కర్‌లో పెట్టొచ్చా?" వద్దు, అడుగు మెత్తబడుతుంది, పైన పచ్చిగా ఉంటుంది. "విజిల్ పెట్టకుండా?" వద్దు. "బిర్యానీకి ఉడికించినట్టు ఉడికించి వారిస్తే?" అదీ నీళ్లలో ఉడికిందే. "రాత్రి మిగిలిన అన్నం?" దయచేసి వద్దు. గింజ నీళ్లలో మునిగి ఉడకకూడదు. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగతావన్నీ మీరే తేల్చుకోగలరు.

నేను జిగురు బియ్యమే వాడతాను. కొరియాలో చప్సల్ అంటారు, తీపి బాగా వస్తుంది. నీళ్లు తేటపడేదాకా కడగాలి. దీన్ని బెక్సె అంటారు, అంటే నూరుసార్లు కడగడం. గట్టిగా రుద్దితే గింజ విరుగుతుంది, వేళ్లతో తిప్పితే చాలు. కనీసం మూడు గంటలు నానాలి, నేను రాత్రంతా వదిలేస్తాను. తర్వాత జల్లెడలో గంటసేపు ఓడ్చాలి. ఇది మాత్రం తగ్గించకండి.

ఇడ్లీ పాత్రలో ప్లేట్లు తీసేసి, చిల్లుల పళ్లెం మీద తడి గుడ్డ పరిచి బియ్యం పోయండి. ఆవిరి గట్టిగా వచ్చాక 40 నిమిషాలు, ఆపేశాక 10 నిమిషాలు మూత తీయొద్దు. మామూలు బియ్యమైతే మధ్యలో ఒకసారి నీళ్లు చిలకరించాలి. పళ్లెంలో పరిచి, 25 డిగ్రీలకు చల్లారాకే నురుక్ కలపండి. వేడి మీద కలిపితే ఈస్ట్ చచ్చిపోతుంది. శుభ్రత గురించి మళ్లీ చెప్పను.

పులిసిన జాడీలో రంగు బూజు కనిపిస్తే పారబోయండి. బూజు లేక వట్టి పులుపే ఉంటే గుడ్డ కట్టి వదిలేయండి, వెనిగర్ కావచ్చు.

ఇంటివాడకానికి మద్యం చేసుకోవడం జపాన్ పాలనలోని పన్ను చట్టాలతో కొరియాలో నిషేధమైంది. 1995లో మళ్లీ చట్టబద్ధమైంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లైసెన్స్ లేకుండా చేస్తే నేరం. అక్కడున్నవాళ్లు ఆవిరి దగ్గరే ఆగిపోండి. ఈ వారం సాధన అందరికీ అంతవరకే.

200 గ్రాముల చొప్పున నాలుగుసార్లు చేయండి: గంట నానబెట్టి, మూడు గంటలు, రాత్రంతా, నాలుగోది రాత్రంతా నానబెట్టి అసలు ఓడ్చకుండా. ప్రతిసారీ ఉడికాక తూకం వేసి రాసుకోండి. ఒక్కో గింజను గోటితో నొక్కి, మధ్యలో తెల్లని చుక్క ఉందేమో చూడండి. చుక్క ఉంటే లోపల ఉడకలేదు. నాలుగు తూకాలూ రాసుకునేదాకా నురుక్ పొట్లం విప్పకండి. ఉడికినదాన్ని బెల్లం, కొబ్బరి వేసుకుని తినేయండి.