క్రిస్మస్ సెలవుల్లో మంచు తుఫాను వస్తే: ప్రయాణానికీ, ఇంటికీ, ఒంటికీ తీసుకోవలసిన జాగ్రత్తలు

మామూలు రోజుల్లో మంచు తుఫాను హెచ్చరిక వినగానే ప్రయాణం మానుకునే మనిషి కూడా క్రిస్మస్ దగ్గరపడినప్పుడు అదే హెచ్చరికను పక్కనపెట్టి బయలుదేరుతాడు. పండగనాటికి అందరూ ఒకచోట చేరాలన్న తపన, టిక్కెట్ల డబ్బు పోతుందన్న బెంగ, ఎదురుచూసే పెద్దవాళ్లను నిరాశపరచలేని మొహమాటం అతన్ని రోడ్డెక్కిస్తాయి. కాబట్టి ఈ సెలవుల్లో అన్నిటికన్నా ముందు చేయవలసిన పని పండగను రెండు మూడు రోజులు వాయిదా వేసుకోవడానికి ఇంటిల్లిపాదినీ సిద్ధం చేయడం. 24న దారి బాగాలేకపోతే 27న కలుద్దామని టిక్కెట్లు కొనే రోజునే ఒక మాట అనుకుంటే, తుఫాను వచ్చిననాడు ఎవరూ ఎవరినీ బతిమాలనక్కరలేదు, ఎవరూ నొచ్చుకోనక్కరలేదు.

2022 డిసెంబరులో సరిగ్గా క్రిస్మస్ రోజుల్లోనే ఉత్తర అమెరికాను మంచు తుఫాను ముంచెత్తింది. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలో, దాని చుట్టుపక్కల ప్రాంతాల్లోనే 40 మందికి పైగా చనిపోయారు. వారిలో కొందరు మంచులో కూరుకుపోయిన కార్లలో, కొందరు వేడి లేని ఇళ్లలో ప్రాణాలు విడిచారు. కొందరు మంచు తోడుతుండగా గుండె ఆగి పడిపోయారు. మరికొందరి దగ్గరికి అంబులెన్సు సమయానికి చేరలేకపోయింది. ఎక్కడ మంచు తుఫాను వచ్చినా ప్రాణాలు తీసేవి దాదాపు ఇవే కాబట్టి మన జాగ్రత్తలు కూడా వీటి చుట్టూనే ఉండాలి.

బయలుదేరాలా, ఆగాలా

వాతావరణ సూచనలో ఎన్ని సెంటీమీటర్ల మంచు పడుతుందన్న అంకె ఒక్కటే చూస్తే సరిపోదు. గాలి ఎంత వేగంగా వీస్తుంది, ఉష్ణోగ్రత సున్నాకు ఎటువైపు ఉంటుంది, తుఫాను ఏ వేళకు మొదలవుతుంది అన్నవి కూడా చూడాలి. కొద్దిపాటి పొడి మంచుకు బలమైన గాలి తోడైతే పది అడుగుల ముందున్న బండి కూడా కనిపించదు. ఇక వానగా కురిసి నేలను తాకగానే గడ్డకట్టే రకం అన్నిటికన్నా ప్రమాదకరమైనది. అది రోడ్డు మీద కంటికి ఆనని పలుచటి పొరలా పరుచుకుంటుంది. వంతెనల కింద నుంచి కూడా చల్లగాలి తగులుతుంది కనుక మిగతా రోడ్డు కంటే ముందే అవి గడ్డకడతాయి. గడ్డకట్టిన రోడ్డు మీద బండి ఆగడానికి పొడి రోడ్డు మీద కంటే పది రెట్ల దూరం పట్టవచ్చు. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే బండి అయితే ఫరవాలేదని చాలామంది నమ్ముతారు. ఆ బండి కదలడానికి పట్టు ఎక్కువ ఉంటుందే గాని, బ్రేకు వేసినప్పుడు దానికి అదనపు పట్టేమీ ఉండదు. ఉత్తరార్ధగోళంలో డిసెంబరు చివరి రోజుల పగలు ఏడాదిలోకెల్లా పొట్టిది కాబట్టి, చీకటి పడకముందే చేరేలా ప్రయాణం వేసుకోవాలి. అది కుదరకపోతే మర్నాటికి వాయిదా వేయాలి.

బండిని సిద్ధం చేయడం పండగ వారానికి ముందే జరగాలి, ఎందుకంటే సెలవుల్లో మెకానిక్ దొరకడం కష్టం. ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గాక మామూలు టైర్ల రబ్బరు బిరుసెక్కి పట్టు తగ్గుతుంది. చలికాలపు టైర్లు ఆ చలిలోనూ మెత్తగా ఉంటాయి. చలి పెరిగేకొద్దీ టైర్లలో గాలి ఒత్తిడీ పడిపోతుంది కనుక దాన్ని సరిచూసుకోవాలి. బ్యాటరీ పాతదైతే ముందే మార్పించాలి. అద్దం కడిగే నీటికి బదులు గడ్డకట్టని ద్రవం పోసుకోవాలి, ఇంధనాన్ని సగం ట్యాంకు కన్నా తగ్గనివ్వకూడదు. దుప్పట్లు, చిన్న పార, టార్చిలైటు, తాగునీరు, వండనక్కరలేని తిండి, ఫోను ఛార్జరు, కొట్టొచ్చినట్టు కనిపించే రంగు గుడ్డ ఒకటి, ఇంట్లోవాళ్ల మందులు బండిలో ఉంచుకోవాలి. ఏ దారిన వెళుతున్నారో, ఏ వేళకు చేరతారో గమ్యంలో ఉన్నవారికి చెప్పి బయలుదేరాలి.

ఇంత చేసినా బండి మంచులో చిక్కుకుపోతే, ఆశ్రయం కళ్లెదురుగా స్పష్టంగా కనిపిస్తే తప్ప దాన్ని విడిచి నడవకూడదు. తుఫానులో దిక్కు తెలియదు. పైగా వెతికేవారికి మనిషి కంటే బండి కనిపించడం తేలిక. ఆ రంగు గుడ్డను బండికి పైకి కనిపించేలా కట్టి, ఇంజనును గంటకు పది నిమిషాల చొప్పున మాత్రమే నడపాలి. దాన్ని నడిపే ముందు ప్రతిసారీ దిగి, వెనకనున్న పొగ గొట్టం చుట్టూ మంచు తొలగించాలి, గాలి వీచని వైపు అద్దాన్ని కొద్దిగా దించి ఉంచాలి. గొట్టం మంచుతో మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు బండిలోకే వస్తుంది. ఆ వాయువుకు రంగూ వాసనా లేవు. తలనొప్పి, తల తిరగడం, వికారం మొదలైతే ఆలస్యం చేయకుండా ఇంజను ఆపి అద్దాలు దించాలి.

విమానంలో వెళ్లేవారికి ఒకటి రెండు మాటలు చాలు. మధ్యలో మారనక్కరలేని విమానం, అందులోనూ ఉదయం తొలి వేళలో బయలుదేరేది మేలు, ఎందుకంటే ఆలస్యాలు పొద్దెక్కేకొద్దీ పేరుకుపోతాయి. తుఫాను సూచన వెలువడగానే చాలా సంస్థలు అదనపు రుసుము లేకుండా తేదీ మార్చుకోనిస్తాయి. విమానం రద్దయ్యేదాకా ఆగితే అప్పటికి సీట్లు నిండిపోతాయి. మందులు, పసిపిల్లల ఆహారం, ఒక జత వెచ్చటి బట్టలు చేతిసంచిలోనే ఉండాలి.

ఇంట్లో

కరెంటు పోయిన ఇంట్లో వేడి కోసం చేసే పనులు చలి కన్నా ఎక్కువ ప్రమాదం తెచ్చిపెట్టగలవు. బొగ్గుల కుంపటి, ఆరుబయట వాడవలసిన గ్యాసు పొయ్యి, జెనరేటరు వంటివాటిని ఇంట్లో గాని, తలుపు తెరిచి ఉన్నా సరే గ్యారేజీలో గాని వాడకూడదు. జెనరేటరును తలుపులకూ కిటికీలకూ కనీసం 6 మీటర్ల దూరంలో, పొగ ఇంటివైపు రాకుండా పెట్టాలి. కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టి మోగే అలారం ఖరీదైన వస్తువేమీ కాదు. బ్యాటరీతో నడిచేది ఒకటి పడకగదుల దగ్గర ఉండి తీరాలి. అతిథులు వచ్చిన ఇంట్లో అలారం మోగితే ఏం చేయాలో వారికీ చెప్పి ఉంచాలి. గ్యాసు హీటరు పొగ బయటికి వెళ్లే గొట్టాన్ని మంచు కప్పేయకుండా తుఫాను సాగుతున్నంతసేపూ చూసుకుంటుండాలి. వెలుతురుకు కొవ్వొత్తుల కన్నా టార్చిలైట్లు నయం, ముఖ్యంగా ఎండిపోయిన క్రిస్మస్ చెట్టు ఉన్న గదిలో. ఆ చెట్టుకు రోజూ నీళ్లు పోయకపోతే క్షణాల్లో అంటుకునేంతగా ఎండుతుంది.

అందరూ ఒకే గదిలోకి చేరి, మిగతా గదుల తలుపులు మూసి, తలుపు కింది సందుల్లో తువాళ్లు కుక్కి, రాత్రికి కిటికీ తెరలు వేస్తే ఉన్న వేడి నిలుస్తుంది. ఫ్రిజ్ తలుపు తెరవకుండా ఉంచితే లోపలి పదార్థాలు సుమారు 4 గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజరులోవి 48 గంటలు, సగమే నిండిన దానిలోవి 24 గంటలు చల్లగా ఉంటాయి. పండగకు వండిన మాంసాహారం 4 డిగ్రీలకు మించిన వేడిలో రెండు గంటలకు పైగా ఉంటే, ఎంత మనసొప్పకపోయినా పారేయాలి.

నీటి పైపుల విషయాన్ని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే సెలవులకు తాళం వేసి వెళ్లిన ఇళ్లలోనే ఎక్కువ నష్టం జరుగుతుంది. నీరు గడ్డకడితే దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. గడ్డకూ, మూసి ఉన్న కుళాయికీ మధ్య చిక్కిన నీటి ఒత్తిడి పెరిగిపోయి పైపు పగులుతుంది. కుళాయిని సన్నధారగా వదిలి ఉంచితే ఆ ఒత్తిడి బయటికి పోతుంది. బయటి గోడలకు ఆనుకున్న సింకుల కింది అలమరా తలుపులు తెరిచి ఉంచితే గది వేడి పైపులకు తగులుతుంది. ఊరు వెళ్లేటప్పుడు హీటరును పూర్తిగా ఆపకుండా 13 డిగ్రీల దగ్గర ఉంచి, నీటి మెయిన్ వాల్వును కట్టేయాలి. అతిథులతో ఇంట్లోనే ఉండేవారు కూడా ఆ వాల్వు ఎక్కడుందో కనీసం ఇద్దరికి చూపించాలి. గడ్డకట్టిన పైపును జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతో కుళాయి వైపు నుంచి మెల్లగా వేడిచేయాలి, మంట మాత్రం చూపించకూడదు.

ఒంటి జాగ్రత్తలు

ఉష్ణోగ్రత −18 డిగ్రీలు ఉండి గాలి గంటకు 24 కిలోమీటర్ల వేగంతో వీస్తే, కప్పుకోని చర్మానికి −28 డిగ్రీల చలి తగిలినట్టే ఉంటుంది, అరగంటలో ఫ్రాస్ట్‌బైట్ (చలికి చర్మం, దాని కింది కండ గడ్డకట్టి దెబ్బతినడం) మొదలుకావచ్చు. అందుకే పలుచటి బట్టలు పొరలు పొరలుగా వేసి, గాలి చొరబడని కోటు పైన తొడగాలి. వేళ్లు విడివిడిగా ఉండే చేతితొడుగుల కన్నా నాలుగు వేళ్లూ కలిసి ఉండేవి వెచ్చగా ఉంటాయి. తడిసిన బట్టలను వెంటనే మార్చాలి. మద్యం తాగితే వెచ్చదనం వచ్చినట్టనిపిస్తుంది గాని, చర్మం కింది రక్తనాళాలు తెరుచుకుని ఒంటి వేడి ఇంకా తొందరగా బయటికి పోతుంది. విందు తర్వాత కోటు లేకుండా బయటికి నడిచే అతిథిని ఆపడం ఆ ఇంటివారి బాధ్యత.

చర్మం తిమ్మిరెక్కి మైనంలా పాలిపోతే అది ఫ్రాస్ట్‌బైట్. ఆ భాగాన్ని రుద్దకూడదు, మంచుతో తోమకూడదు. మళ్లీ చలికి గురికామని నిశ్చయమైతేనే, 37 నుంచి 40 డిగ్రీల గోరువెచ్చని నీటిలో ఉంచి డాక్టరును కలవాలి. ఒంటి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కన్నా తక్కువకు పడిపోవడం మరింత తీవ్రమైన స్థితి. మొదట వణుకు, తర్వాత మాట తడబాటు, మతిలేనితనం, నిద్రమత్తు కనిపిస్తాయి. వణుకు ఆగిపోయినంత మాత్రాన మనిషి కోలుకున్నట్టు కాదు, పరిస్థితి విషమించిందని అర్థం. అంబులెన్సును పిలిచి, వారు వచ్చేలోపు ముందుగా ఛాతీ, మెడ, తల వెచ్చబరచాలి. స్పృహ బాగా ఉంటే తియ్యటి వేడి పానీయం ఇవ్వవచ్చు. పసిపిల్లల్లో వణుకు కనిపించకపోవచ్చు, చల్లబడిన ఒళ్లు, ఎర్రబారిన చర్మం, నీరసం గమనించాలి.

మంచు తోడడాన్ని చిన్న పనిగా భావించవద్దు. చలికి రక్తనాళాలు కుంచించుకుని రక్తపోటు పెరుగుతుంది, దానికి చేతుల శ్రమ తోడై గుండె మీద భారం పడుతుంది. పైగా పండగ రోజుల్లో గుండెకు ముప్పు ఎలాగూ ఎక్కువే: స్వీడన్‌లో 1998 నుంచి 2013 వరకు నమోదైన గుండెపోట్లను పరిశీలించిన అధ్యయనం, ముందూ వెనకా వారాలతో పోలిస్తే క్రిస్మస్ ముందురోజు ముప్పు 37 శాతం ఎక్కువని తేల్చింది. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారు, శ్రమ అలవాటులేని నడివయసువారు ఈ పనిని వేరొకరికి అప్పగించడమే సరి. చేసేవారు కడుపునిండా తిన్న వెంటనే దిగకుండా, మంచును ఎత్తి విసిరే బదులు నెడుతూ, కొద్దికొద్దిగా, తుఫాను మధ్యలో ఒకసారీ ఆగాక ఒకసారీ తీయాలి. ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే అక్కడితో పని ఆపి అంబులెన్సుకు ఫోను చేయాలి. గట్టి చలిలో ఉప్పు సరిగా పనిచేయదు, మెట్ల మీద ఇసుక చల్లాలి.

సెలవుల్లో మందుల దుకాణాలు మూతపడతాయి కాబట్టి వారానికి సరిపడా మందులు ముందే తెచ్చుకోవాలి. పక్కింట్లో ఒంటరిగా ఉండే పెద్దవారుంటే కరెంటు పోకముందే వెళ్లి వారి హీటరు, ఫోను, మందులు చూసి రావాలి. వారు ఒప్పుకుంటే ఆ రాత్రికి మన ఇంటికే తీసుకురావడం మేలు. తుఫాను ఆగాక తిరుగు ప్రయాణానికి తొందరపడకుండా, రోడ్లు తెరిచారని అధికారులు ప్రకటించాకే బయలుదేరాలి. బయలుదేరే ముందు బండి పైకప్పు మీది మంచును, అద్దాల మీది మంచును, దీపాల మీది మంచును పూర్తిగా తుడవాలి, లేకపోతే పైకప్పు మీది గడ్డ బ్రేకు వేసినప్పుడు మన ముందరి అద్దం మీదికో, వేగంగా పోయేటప్పుడు వెనక వచ్చేవారి మీదికో ఊడిపడుతుంది.