అలవాటు నాలుగు రోజులకే జారిపోతోందా? ముందు కొక్కెం చూడండి

జీడిమెట్లలో ఓ ఫ్యాక్టరీ స్టోర్సులో పదిహేడేళ్లు పనిచేశాను. స్పానరు కనపడకపోతే లైను ఆగుతుంది, లైను ఆగితే అందరూ వచ్చి స్టోర్సు మీద పడతారు. అప్పుడు పట్టుకున్న జబ్బు ఇంకా వదల్లేదు. చుట్టాలింటికి వెళ్లినా తాళాలు ఎక్కడ పడేస్తున్నారా అనే చూస్తాను. ఆ సంగతి తెలిసి నన్ను అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. అడిగేది మాత్రం ఒకటే: "సర్దుకుంటాం, నాలుగు రోజులుంటుంది, మళ్లీ మామూలే." డబ్బాలు కొనడం, బట్టలు మడతపెట్టడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. అది నేర్పను.

సమస్య: తాళాలు, ఐడీ కార్డు, మెట్రో కార్డు పొద్దున్నే దొరకవు

కారణం: వాటికి మీరు చూపిన చోటు ఒకటి, మీ చెయ్యి దింపే చోటు ఇంకొకటి. బెడ్‌రూమ్ సొరుగులో పెట్టాలని నియమం. చెయ్యేమో ఫ్రిజ్ మీద పెడుతుంది. సొరుగు దాకా నడవాలంటే చెప్పులు విప్పాలి, సంచీ దించాలి, ఈలోపు ఫోను మోగుతుంది.

పరిష్కారం: మూడు రోజులు ఏమీ సర్దకండి. ఏ వస్తువు ఎక్కడ పడుతోందో ఊరికే చూడండి. అక్కడే మేకు కొట్టండి. ఒక్కో వస్తువుకి ఒక్కో మేకు. ఫ్యాక్టరీలో బోర్డు మీద పనిముట్టు ఆకారం గీసి ఉంచేవాళ్లం, ఖాళీ ఆకారం కనపడితే ఏది రాలేదో ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంట్లో ఖాళీ మేకు ఆ పని చేస్తుంది.

ఇది చెప్తే "ఇంతేనా" అని నవ్వి, చేయకుండా వెళ్లి, నెల తర్వాత అదే ప్రశ్నతో వస్తారు. మేకు కొట్టారా అంటే లేదు. కొట్టాకే కింది పేరాలు చదవండి.

ఫ్యాక్టరీ గోడ మీద ఫైవ్ ఎస్ బోర్డు ఉండేది. పనిచోటు సర్దుకునే పద్ధతి అది, అయిదు జపనీస్ మాటలతో. మొదటిది సెయిరి, అక్కర్లేనిది ఏరేయడం. రెండోది సెయిటన్, మిగిలినదానికి చోటు చూపడం. క్రమశిక్షణ అనే షిట్సుకే అయిదోది. జనం నేరుగా అయిదోదానితో మొదలుపెట్టి, నాకు క్రమశిక్షణ లేదండీ అని బాధపడుతుంటారు.

సమస్య: అలారం మోగుతుంది, ఆపేస్తాం, పని జరగదు

కారణం: పనిని గడియారానికి కట్టారు. సాయంత్రం ఏడింటికి రోజూ ఇంట్లో ఉంటానని హైదరాబాద్‌లో ఎవరు చెప్పగలరు? గంట వాన పడితే ఏడింటికి ఇంకా హైటెక్ సిటీలోనే ఉంటారు.

పరిష్కారం: పనిని ఇంకో పనికి కట్టండి. పాల ప్యాకెట్టు కత్తిరించగానే రాత్రి గిన్నెలు సర్దడం. స్టవ్ ఆపగానే గట్టు తుడవడం. కరెంటు బిల్లు చేతికిచ్చి వెళ్లగానే, కాగితం కింద పెట్టకముందే ఫోన్లో కట్టేయడం. ఆ పని నిమిషం దాటకూడదు. నేను దీన్ని కొక్కెం అంటాను, పాత పని కొక్కెం, కొత్త పని దానికి తగిలించిన సంచీ.

ఇరవై ఒక్క రోజులకి ఏ అలవాటైనా పడిపోతుందనే మాట మాత్రం వదిలేయండి. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ వాళ్లు 96 మందిని 12 వారాలు గమనించి, ఆ తీరుని బట్టి ముందుకి అంచనా కట్టి 2010లో వేసిన లెక్కలో మనిషిని బట్టి, పనిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా వచ్చింది. మధ్యలో పడే అంకె 66. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన చెడిపోదని కూడా వాళ్లే తేల్చారు.

సమస్య: కొక్కెం ఉంది, మేకూ ఉంది, అయినా వారం వారం తెగిపోతోంది

నన్ను బాగా ఏడిపించింది ఇదే. మా అక్క కొడుకు ఉప్పల్లో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగుతాడు, అక్కడ ఉద్యోగం. వాడి గదికి నేనే పద్ధతి పెట్టాను: ఇంట్లోకి రాగానే బ్యాగు ఖాళీ చేసి, టిఫిన్ బాక్సు సింకులో వేసి, రేపటి బట్టలు తీసిపెట్టుకోవాలి. నిమిషం పని. మంగళ, బుధ, గురువారాలు గది చక్కగా ఉండేది. ఆదివారం వెళ్తే కుర్చీ మీద బట్టల గుట్ట, టేబుల్ మీద మూడు కప్పులు. బద్ధకం అనుకున్నాను. బేగం బజార్ నుంచి ప్లాస్టిక్ బుట్టలు తెచ్చిచ్చాను, బుట్టలూ నిండాయి. రెండు నెలలు వాణ్ని తిట్టాను. ఒక రోజు వాడే విసుగొచ్చి అన్నాడు: "శుక్రారం నేన్ ఆఫీసుకే పోను గద మామా, ఇంట్లకెళ్లి ఇంట్లకే ఎట్లొస్త?"

వారానికి మూడు రోజులే ఆఫీసు. ఇంటికి రావడం అనే కొక్కెం మిగతా నాలుగు రోజులు అసలు లేనే లేదు. నేను లేని కొక్కేనికి సంచీ తగిలించి, సంచీ కింద పడిందని వాణ్ని తిట్టాను.

అక్కడితో బుద్ధి వచ్చి మా ఇంట్లో చూసుకున్నాను. నల్లాలో మంజీరా నీళ్లు మాకు రోజు విడిచి రోజు వస్తాయి. సంపు నిండి, మోటారు వేసి, సీసాలు నింపాక వంటిల్లంతా తుడవడం మా ఆవిడ అలవాటు. నీళ్లు రాని రోజు వంటింటి సంగతి నేను రాయను, ఇంట్లో ఉండాల్సినవాణ్ని. పక్కింట్లో ఇంకో రకం. అక్కడ అన్నీ పనావిడ రాకకి కట్టి ఉన్నాయి: ఆమె వచ్చేలోపు గిన్నెలు బయట పెట్టడం, చెత్త తీయడం, పక్కలు మడవడం. ఆమె మూడు రోజులు ఊరెళ్తే మూడూ ఒకేసారి కూలిపోయాయి.

ఇది పట్టుకోవడం కష్టం, ఎందుకంటే కొక్కెం ఉన్న రోజుల్లో అంతా బాగుంటుంది. చేయగలడు, చేశాడు, ఈవేళ చేయలేదు. అందుకే తప్పు మనిషిదనిపిస్తుంది.

పట్టుకునే దారి ఒకటే. గోడ క్యాలెండర్ మీద రెండు వారాలు గీత పెట్టండి, చేసిన రోజు నిలువు గీత, తప్పిన రోజు సున్నా. తర్వాత సున్నాలు వారంలో ఏ రోజుల్లో పడ్డాయో చూడండి. చెల్లాచెదురుగా ఉంటే వదిలేయండి. రెండు వారాల్లోనూ అదే రోజు మీదో, రోజు విడిచి రోజో పడితే కొక్కెం రోజూ రావడం లేదని అర్థం.

మార్చేటప్పుడు ఆఫీసు ఉన్నా లేకున్నా, ఆదివారమైనా, ఎవరూ రాకపోయినా మీ చేత్తో మీరే చేసే పని వెతకండి. మా మేనల్లుడికి ల్యాప్‌టాప్ మూత వేయడం కుదిరింది, శనాదివారాలకి రాత్రి ఫోను చార్జింగ్ పెట్టడం. మా ఇంట్లో రాత్రి పెరుగు తోడేయడం. ఆ క్షణంలో చెయ్యి ఖాళీగా ఉంటుందా అన్నది కూడా చూడండి. హెల్మెట్టు, కూరల సంచీ పట్టుకుని తలుపు తీసేవాడికి అక్కడ ఇంకో పని తగిలించకండి.

సమస్య: ఆఫీసులో పొద్దున్న గంట సేపు ఎక్కడ మొదలెట్టాలో తెలియదు

రాత్రి అమెరికా కాల్ ముగిసి ల్యాప్‌టాప్ మూత వేసే ముందు, రేపటి మొదటి పని ఒక్క వాక్యంలో చీటీ మీద రాసి కీబోర్డు మీద పెట్టండి. ఒక్కటే. పది రాస్తే చీటీ కూడా చెత్తే.

మిగతావి

యాప్ మార్చడం వల్ల బాగైనవాళ్లని నేను చూడలేదు. ఇంట్లో ఒకరు సర్దితే ఇంకొకరు తీస్తున్నారా? వాళ్లకీ ఒక మేకు ఇవ్వండి. అన్నీ చూసుకున్నా నెలల తరబడి మనసే నిలవడం లేదంటే డాక్టరుతో మాట్లాడండి, అది నా స్టోర్సులో దొరికే సరుకు కాదు. ఇంట్లో పసిబిడ్డ ఉంటే ఏ కారణమూ వెతక్కండి. తాళాల మేకు ఒక్కటి ఉంచుకోండి, మిగతావి ఆ బిడ్డ రాత్రిళ్లు నిద్రపోవడం మొదలుపెట్టాక చూద్దాం.