ఇటలీలో రైలు సమ్మె, నాలుగో పాఠం: బండిని చివరి స్టేషను దాకా చదవడం

ఈ పాఠంలో దూరప్రయాణపు బండ్ల గురించి చెప్పాలనుకున్నాను. అయితే గత పాఠాన్ని నమ్ముకుని సమ్మె రోజున బయలుదేరినవారిలో కొందరు మిలాను చుట్టుపక్కల చిన్న స్టేషన్లలో నిలిచిపోయారనీ, ఒకరికి పరీక్ష కూడా తప్పిపోయిందనీ తెలిశాక ముందుకు సాగడానికి మనసొప్పలేదు. పనిదినాల్లో ఉదయం 6 నుంచి 9 వరకు, సాయంత్రం 18 నుంచి 21 వరకు ప్రాంతీయ బండ్లకు హామీ వేళలు, అంటే సమ్మెలోనూ కనీస సేవలు నడిపే గంటలు, ఉంటాయని రాశాను. ఆ వేళల్లో బండ్లన్నీ నడుస్తాయని మీరు అర్థం చేసుకున్నారు. నేను రాసిన తీరుకు అలాగే అర్థమవుతుంది కాబట్టి, ఆ ఒక్క విషయమే ఈసారి పూర్తిగా చెబుతాను.

ఇటలీ రాజ్యాంగంలోని 40వ అధికరణం సమ్మె హక్కును గుర్తిస్తుంది. 1990లో వచ్చిన 146వ నంబరు చట్టం ప్రకారం సమ్మెకు కనీసం 10 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, సమ్మె సమయంలో కనీస సేవలు నడపాలి. అందువల్ల హామీ బండ్ల జాబితా ముందుగానే దొరుకుతుంది. రైళ్లు నడిపే సంస్థలైన ట్రెనిటాలియా (ప్రభుత్వ సంస్థ), ట్రెనోర్డ్ (మిలాను చుట్టుపక్కల ప్రాంతీయ బండ్లది), ఇటాలో (ప్రైవేటు హైస్పీడు బండ్లది) మూడింటికీ ఎవరి జాబితా వారిదే. యాప్‌లో దాన్ని వెతకడం మీకు తెలిసిందే.

ఇక అసలు చిక్కు. ట్రెనోర్డ్ సమ్మె ప్రకటనల్లో, బండి జాబితాలో ఉండాలి, 6 తర్వాత బయలుదేరాలి, 9 లోపు చివరి స్టేషను చేరాలి అన్న షరతు కనిపిస్తుంది. ఇక్కడ లెక్కకు వచ్చేది బండి ప్రయాణం, మీ ప్రయాణం కాదు. ఒక బండి 7:52కు మొదలై 9:14కు ముగుస్తుందనుకోండి. మీరు 8:05కు ఎక్కి 8:40కే దిగిపోయినా ఆ బండి హామీ వేళలో లేనట్టే. మరొకటి 5:48కి మొదలవుతుంది, మీ ఊరికి 6:20కి వస్తుంది. అదీ లేనట్టే. ఇంకొకటి 18:10కి మొదలై 19:25కు ముగుస్తుంది. వేళ సరిపోయినా, దాని నంబరు జాబితాలో లేకపోతే దాన్ని నమ్ముకోకూడదు. గడియారం చూసి స్టేషనుకు వెళ్లేవారు మోసపోయేది ఈ మూడు చోట్లే. గడియారం కంటే ముందు నంబరు చూడండి.

బండి మొదటి, చివరి స్టేషన్లు తెలుసుకోవడానికి నేను ఇప్పటికీ స్టేషను గోడ మీది కాగితాలనే నమ్ముతాను. పసుపు కాగితంలో బయలుదేరే బండ్లు, వాటి నంబర్లు, ముందున్న స్టేషన్ల వేళలు ఉంటాయి. బండి ఎక్కడ మొదలైందో తెలియాలంటే తెల్ల కాగితం, అంటే వచ్చే బండ్ల పట్టిక చూడాలి. రెండింటినీ ఒకసారి ఫోటో తీసి పెట్టుకుంటే టైంటేబుల్ మారేవరకు పనికొస్తాయి. సమ్మె రోజు ఉదయం మాత్రం, బండి ఇప్పుడెక్కడుందో చూపే వియాజ్జాత్రేనో వెబ్‌సైటులో అదే నంబరు కొట్టి, బండి నిజంగా కదిలిందో లేదో చూసుకుని ఇంటి నుంచి బయలుదేరండి.

శనివారం కూడా అక్కడ పనిదినం కిందికే వస్తుంది. ఆదివారాలు, పండుగ రోజుల్లో ప్రాంతీయ బండ్లకు ఈ వేళలను నమ్ముకోకండి. సమ్మె మొదలయ్యేసరికి దారిలో ఉన్న బండి గంటలోపు గమ్యం చేరగలిగితే చేరుతుంది, లేకపోతే మధ్య స్టేషనులో ఆగిపోవచ్చు. చాలా సమ్మెలు రాత్రి 21 గంటలకు మొదలవుతాయి కాబట్టి, ముందురోజు రాత్రి ప్రయాణం పెట్టుకున్నవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. వీలైతే నేను ఉదయపు హామీ బండినే ఎంచుకుంటాను. అది తప్పినా మరో దారి చూసుకోవడానికి పగలంతా ఉంటుంది.

అభ్యాసం: ఇటలీ రవాణా మంత్రిత్వ శాఖ సమ్మెల పట్టికలో రైల్వే రంగానికి చెందిన రాబోయే సమ్మెను ఒకదాన్ని ఎంచుకోండి. రద్దయితే పక్కన రెవొకాతో అని ఉంటుంది, అలాంటిది వద్దు. అది దేశమంతటికా, ఒక్క ప్రాంతానికేనా, ఏ సంస్థ సిబ్బందిది, ఏ గంట నుంచి ఏ గంట వరకు అన్నవి రాసుకోండి. మీరు రోజూ ఎక్కే బండ్లలో ఉదయానివి మూడు, సాయంత్రానివి మూడు తీసుకుని, ఒక్కోదానికి నంబరు, మొదటి స్టేషనులో బయలుదేరే వేళ, చివరి స్టేషను చేరే వేళ, జాబితాలో ఉందా లేదా అన్నవి కాగితం మీద నింపండి. నడుస్తుందని మీరు తేల్చిన వాటికి టిక్కు పెట్టండి. సమ్మె రోజున ప్రయాణం లేకపోయినా సరే, ఆరు నంబర్లూ వియాజ్జాత్రేనోలో చూసి, మీ టిక్కుల పక్కన జరిగింది రాయండి. దూరప్రయాణపు బండ్ల పాఠానికి ఆ కాగితం దగ్గర పెట్టుకుని రండి.