చిన్న మైక్రోకంట్రోలర్‌లో సీ భాషా ప్రోగ్రామ్ తడబడితే

విశాఖపట్నం చేపల రేవులో నీటిమట్టం కొలిచే పరికరం వంటిది ప్రయోగశాలలో సవ్యంగా నడిచి, అక్కడ అమర్చగానే తనంతట తాను రీసెట్ అవుతుంటే, కోడ్‌ను మార్చే ముందు కారణాన్ని చిప్‌నే అడగాలి. ఏటీమెగా328పీ అనే మైక్రోకంట్రోలర్‌లో, రీసెట్ కారణాన్ని గుర్తుపెట్టే ఎంసీయూఎస్‌ఆర్ రిజిస్టర్‌ను ప్రోగ్రామ్ ఆరంభంలోనే చదివితే, వోల్టేజీ పడిపోయిందో, వాచ్‌డాగ్ (ప్రోగ్రామ్ నిలిచిపోతే చిప్‌ను రీసెట్ చేసే టైమర్) గడువు ముగిసిందో తెలుస్తుంది. అయితే ప్రధాన ప్రోగ్రామ్ కన్నా ముందు నడిచే కొన్ని బూట్‌లోడర్లు ఆ విలువను ముందే చెరిపివేస్తాయి. వోల్టేజీయే కారణమైతే విద్యుత్ సరఫరాను, ఉప్పుగాలికి తుప్పు పట్టిన కనెక్టర్లను చూడాలి.

బూట్‌లోడర్ చెరపకపోయినా ఆ రిజిస్టర్‌లో ఏ గుర్తూ కనిపించకుండా ప్రోగ్రామ్ మొదటికి వస్తుంటే, ఫంక్షన్లు తాత్కాలిక విలువలు దాచుకునే స్టాక్‌ను అనుమానించాలి. ఈ చిప్‌లో ర్యామ్ 2048 బైట్లే. పైనుంచి దిగే స్టాక్, ప్రోగ్రామ్ అంతటా వాడే గ్లోబల్ వేరియబుల్స్ మీదికి చేరినా ఏ హెచ్చరికా రాదు. ఖాళీ ర్యామ్‌ను మొదట ఒకే విలువతో నింపి, కొంతసేపు నడిపాక ఎంత చెరగకుండా మిగిలిందో లెక్కించడం నా దృష్టిలో అన్నిటికన్నా నమ్మదగిన పరీక్ష.

అప్పుడప్పుడు మాత్రమే తప్పు రీడింగ్ వస్తుంటే ఇంటరప్ట్‌లను, అంటే నడుస్తున్న పనిని మధ్యలో ఆపి చిప్ నడిపే చిన్న కోడ్‌లను, పరిశీలించాలి. ఇంటరప్ట్‌లో మారే వేరియబుల్‌ను వొలటైల్‌గా (ప్రతిసారీ మెమరీ నుంచే చదవాలని కంపైలర్‌కు చెప్పేలా) ప్రకటించడం అవసరమే కానీ, అది చాలదు. 8 బిట్ల ప్రాసెసర్ 16 బిట్ల విలువను రెండు విడతలుగా చదువుతుంది కాబట్టి, 255 నుంచి 256కు మారే క్షణంలో ఇంటరప్ట్ వస్తే పాత సగమూ కొత్త సగమూ కలిసి 511 అనో 0 అనో కనిపించవచ్చు. అందువల్ల ఇంటరప్ట్‌లను ఆపి, విలువను స్థానిక వేరియబుల్‌లోకి తీసుకొని, వెంటనే పూర్వస్థితిని పునరుద్ధరించాలి.