మార్కెట్ చక్రాలు - 4వ పాఠం: పదకొండేళ్లయినా పాత ధరకు చేరని సెన్సెక్స్

గత పాఠంలో సూచీ 20 శాతం పడితే బేర్ మార్కెట్, 20 శాతం పెరిగితే బుల్ మార్కెట్ అనే లెక్క చూశాం. నెలల్లో వచ్చిపోయే కదలికలకు అది చాలు. పదేళ్లకు పైగా సాగే చక్రాన్ని దాంతో కొలవలేం.

1992 ఏప్రిల్ 22న సెన్సెక్స్ (బీఎస్ఈలోని పెద్ద కంపెనీల షేర్ల సూచీ) 4,467 దగ్గర ముగిసింది. షేర్ బ్రోకర్ హర్షద్ మెహతా కుంభకోణం బయటపడింది ఆ వెంటనే. 2003 ఏప్రిల్ చివర్లో చూస్తే అదే సూచీ 3,000 కన్నా కిందే ఉంది. డివిడెండ్లు, అంటే కంపెనీలు వాటాదారులకు పంచే లాభం, ఈ అంకెల్లో కలవవు. అవి కలిపినా, ఆ పదకొండేళ్లలో పెరిగిన సరుకుల ధరలను లెక్కలోకి తీసుకుంటే ఇన్వెస్టర్‌కు మిగిలింది నిరాశే.

మరి ఆ కాలమంతా కంపెనీలు చేతులు ముడుచుకుని కూర్చున్నాయా? లేదు. ఆర్థిక సంస్కరణల తర్వాత వ్యాపారాలు పెరిగాయి, లాభాలూ పెరిగాయి. తగ్గింది ఆ లాభానికి జనం కట్టిన వెల. ఈ పాఠంలో పట్టుకోవాల్సింది ఇదే, కాబట్టి కాగితం మీద వేసి చూడండి.

షేరు ధర = ఒక్కో షేరుపై లాభం (ఈపీఎస్) × పీఈ. పీఈ అంటే ఆ లాభానికి ఎన్ని రెట్ల వెల కడుతున్నామో చెప్పే అంకె.

ఒక ఊహా కంపెనీ ఈపీఎస్ 10 రూపాయలు, పీఈ 40 అనుకుందాం. ధర 400. పదేళ్లకు ఈపీఎస్ 20 అయింది, పీఈ 15కి దిగింది. ధర 300. లాభం రెట్టింపైనా షేరు పావు వంతు పడిపోయింది! దీర్ఘకాల బేర్ మార్కెట్ అంటే చాలావరకు ఇలా పీఈ కరిగిపోయే కాలమే. దీర్ఘకాల బుల్‌లో లాభం, పీఈ రెండూ కలిసి పెరుగుతాయి. అందుకే ఆ పరుగు అంత వేగంగా ఉంటుంది.

చాలామంది దెబ్బతినేది మధ్యలో వచ్చే ర్యాలీల దగ్గర. 1998 చివర్లో 2,800 చుట్టూ తిరిగిన సెన్సెక్స్, ఐటీ షేర్ల ఊపులో 2000 ఫిబ్రవరి 11న 5,933కి చేరింది. ఏడాదిన్నర తిరక్కుండానే రెట్టింపు. కొత్త శకం వచ్చేసిందని అందరూ నమ్మారు. 2001 సెప్టెంబర్ 21న అది 2,600.

దీర్ఘకాల బుల్‌లో దీనికి తలకిందులు. 2003లో 3,000 దగ్గర మొదలై 2008 జనవరికి దాదాపు 21,000. దారిలో 2004 మే 17న, ఎన్నికల ఫలితాల తర్వాత, ఒక్కరోజే 11 శాతం పడింది. ట్రేడింగ్ ఆపాల్సి వచ్చింది. 2006 మే, జూన్‌లలో 12,600 నుంచి 8,900కి జారింది. ఆ టెన్షన్ తట్టుకోలేక అమ్మేసినవాళ్లు మిగిలిన పరుగంతా పోగొట్టుకున్నారు. ర్యాలీ ఎంత పెద్దదో, పతనం ఎంత లోతో చూసి చక్రం దిశ తేల్చకండి. పీఈ ఎక్కడ మొదలైంది, ఇప్పుడు ఎక్కడుంది అన్నది ముందు చూడండి.

నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ (ఎన్ఎస్ఈ) సూచీ నిఫ్టీ పాత పీఈ అంకెలు దాని వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒక్క జాగ్రత్త: 2021 మార్చి చివర్లో ఎన్ఎస్ఈ లెక్క మార్చి, అనుబంధ సంస్థల లాభాలను కూడా కలపడం మొదలుపెట్టింది. దాంతో సుమారు 40గా ఉన్న పీఈ ఒక్కసారిగా 33 దగ్గరికి దిగింది. మార్కెట్ చవకవలేదు, కొలత మారింది. ఆ తేదీకి ముందు అంకెల్ని తర్వాతి వాటితో నేరుగా పోల్చకూడదు.

ఇక అభ్యాసం. 2008 జనవరి 8న నిఫ్టీ 6,288. 2013 డిసెంబర్ 31న 6,304. దాదాపు ఆరేళ్లకు 16 పాయింట్లు. ఈ రెండు తేదీలూ పాత లెక్కలోవే, కాబట్టి పోల్చవచ్చు. ఆ రోజుల పీఈలు వెతికి, సూచీని పీఈతో భాగించి ఈపీఎస్ రాబట్టండి. ఈపీఎస్ ఎంత శాతం పెరిగిందో, పీఈ ఎంత శాతం తగ్గిందో పక్కపక్కన రాయండి. 5వ పాఠం ఆ రెండు అంకెలతోనే మొదలవుతుంది.